తలగుడ్డ నుంచి టీషర్టు వరకు: నల్లజాతి ఉద్యమకారిణుల కట్టులో రాజకీయం ఎక్కడుంది?

మీరు అడిగినవి రెండు ప్రశ్నలు. అట్లాంటాలో డిజైన్ చదువుతున్న మీకు ఇన్‌స్టాగ్రామ్‌లో నల్లజాతి ఉద్యమకారిణుల ఫొటోలు రోజూ కనిపిస్తున్నాయి. రంగురంగుల తలగుడ్డలు, గుబురుగా పెంచిన ఆఫ్రో జుట్టు, నినాదాలు అచ్చు వేసిన టీషర్టులు చూసి, ఇదంతా నిజంగా రాజకీయమేనా, లేక సోకుకు తగిలించిన పెద్ద పేరా అని మీకు అనుమానం కలిగింది. అలాంటి తలగుడ్డనో టీషర్టునో ఒక తెలుగమ్మాయి వేసుకుంటే తప్పవుతుందా అన్నది మీ రెండో ప్రశ్న. దుస్తుల చరిత్ర పాఠాలు చెప్పడం మొదలుపెట్టి నాకు 19 ఏళ్లయింది, అందులో 6 ఏళ్లు అమెరికా దక్షిణ రాష్ట్రాల్లో గడిచాయి కాబట్టి, పుస్తకాల్లో చదివినదానితో పాటు కళ్లారా చూసినదీ కలిపి చెబుతాను.

ఒక వస్త్రం రాజకీయమైందో కాదో తేల్చాలంటే, అది ఎవరు పెట్టిన ఏ నిబంధనకు జవాబుగా వచ్చిందో ముందు కనుక్కోవాలి. జవాబును మాత్రమే చూసి ప్రశ్నను మరిచిపోతే, మిగిలేది రంగూ కుట్టూ మాత్రమే. నల్లజాతి స్త్రీల విషయంలో ఈ వెతుకులాట మనం అనుకున్నంత కష్టమేమీ కాదు, ఎందుకంటే వాళ్ల ఒంటి మీద ఏముండాలో నిర్ణయించిన నిబంధనలు చాలావరకు చట్టాల రూపంలోనే ఉన్నాయి.

1739లో స్టోనో నది దగ్గర జరిగిన బానిసల తిరుగుబాటుకు బెదిరిపోయిన దక్షిణ కరోలినా యజమానులు, మరుసటి ఏడాది చేసిన చట్టంలో బానిసలు ఏ గుడ్డ కట్టుకోవచ్చో పేర్లతో సహా రాసిపెట్టారు. నీగ్రో గుడ్డ అని పిలిచే ముతక రకం, ఓస్నాబర్గ్ అనే గరుకు నార బట్ట, గళ్ల నూలు గుడ్డ వంటివి తప్ప అంతకు మించిన నాణ్యమైనది ఏది కనిపించినా ఒంటి మీద నుంచి లాక్కునే అధికారం కాపలా ఉద్యోగులకు ఇచ్చారు. స్పెయిన్ పాలనలో ఉన్న లూసియానాలో గవర్నర్ ఎస్తెబాన్ మిరో 1786లో మరో ఉత్తర్వు తెచ్చాడు. న్యూ ఆర్లీన్స్‌లో బానిసత్వం నుంచి బయటపడి సొంతంగా బతుకుతున్న నల్లజాతి స్త్రీలు, తలలో ఈకలూ నగలూ పెట్టుకుని శ్వేతజాతి ఇల్లాళ్లతో సమానంగా వీధుల్లో తిరుగుతున్నారన్నది అక్కడి పెద్దల కడుపుమంట. అందువల్ల వాళ్లు తలను గుడ్డతో కప్పుకోవాలని, ఆభరణాలు పెట్టుకోకూడదని శాసించాడు. ఆ గుడ్డకు టిన్యాన్ అని పేరు.

ఆ స్త్రీలు ఉత్తర్వును తూచా తప్పకుండా పాటించారు. తలను కప్పుకోమన్నారు కదా అని, ఖరీదైన గళ్ల గుడ్డను ఎత్తుగా, మడతల మీద మడతలుగా, కిరీటంలా చుట్టుకున్నారు. తలవంపుగా ఉండాలని పెట్టిన గుర్తు కాస్తా, చూసినవాళ్లు తలతిప్పి మళ్లీ చూసే అలంకారమైంది. 1803లో లూసియానా అమెరికా చేతికి వచ్చాక ఆ ఉత్తర్వు మూలపడింది గానీ తలగుడ్డ మాత్రం నిలిచింది. ఇక్కడ మన ఊసు ఒకటి చెప్పకుండా ఉండలేను. ఆ తలగుడ్డలకు వాడిన గళ్ల నూలు బట్టలో పేరుపడినది మద్రాసు రుమాలు, అంటే కోరమండల్ తీరపు మగ్గాల మీద నేసి ఓడల మీద పశ్చిమాఫ్రికాకూ, కరీబియన్ దీవులకూ చేరిన సరుకు. చీరాల తేలియా రుమాళ్లు అరబ్బు దేశాల దారి పట్టినట్టే, ఈ గళ్ల రుమాలు అట్లాంటిక్ దారి పట్టింది.

ఆ గుడ్డ కట్టే తీరు ఒకసారి దగ్గరగా చూస్తే తప్ప దాని బలం తెలియదు. నేనున్న ఊళ్లో ఒక పెద్దావిడ మా విద్యార్థుల ముందు కట్టి చూపించారు. దాదాపు 2 మీటర్ల పొడవున్న గుడ్డ మధ్యభాగాన్ని మెడ వెనక ఆనించి, రెండు కొసలనూ నుదుటి పైకి లాగి ఒక మెలి వేశారు. ఆ మెలి జారకుండా ఎడమ బొటనవేలితో నొక్కిపట్టి, మిగిలిన పొడవును తాడులా పురి తిప్పి, దాని చుట్టూ అదే చుట్టుకుంటూ పోయి, చివరి కొసను లోపలికి దోపారు. పిన్నీసు లేదు, అద్దం లేదు, రెండు నిమిషాలైనా పట్టలేదు. మా అమ్మమ్మ కొప్పు ముడి వేసుకునే వేగం గుర్తొచ్చింది. ఇప్పుడు అదే పనిని చిన్న వీడియోలుగా తీసి, టిన్యాన్ కథ చెబుతూ పెడుతున్న అమ్మాయిలను మీరు సోకు చేసుకుంటున్నారని అనుకున్నారు. కట్టు నేర్పుతూనే వాళ్లు ఒక ఉత్తర్వు చరిత్రను నేర్పుతున్నారు.

ఇరవయ్యో శతాబ్దపు పౌరహక్కుల పోరాటంలో ఈ లెక్క కొంత తిరగబడింది. 1950ల చివరా, 1960ల మొదట్లోనూ నిరసనకు వెళ్లే స్త్రీలు చర్చికి వెళ్లే ఆదివారపు దుస్తులు వేసుకునేవారు. ఇస్త్రీ చేసిన గౌను, చేతి తొడుగులు, తిన్నగా చేయించుకున్న జుట్టు, మడమ బూట్లు. కెమెరా ముందు పోలీసు కుక్క మీద పడేది ఒక మర్యాదస్తురాలి మీద అని దేశమంతా చూడాలన్నది అందులోని ఎత్తుగడ. చరిత్రకారిణి ఎవ్‌లిన్ బ్రూక్స్ హిగ్గిన్‌బాథమ్ 1993లో, అంతకు ముందు తరాల నల్లజాతి చర్చి స్త్రీల గురించి రాస్తూ, ఇలాంటి ఎత్తుగడకు మర్యాద రాజకీయమని పేరు పెట్టారు. దీన్ని చులకన చేసేవాళ్లతో నేను ఏకీభవించను, ఆ రోజుల్లో అది ప్రాణం కాపాడే కవచం కూడా. అయితే మిస్సిసిపీ పల్లెల్లో ఓటర్ల నమోదుకు దిగిన విద్యార్థి సంఘం, స్నిక్ అనే పొట్టిపేరుతో అందరూ పిలిచేది, అందులోని అమ్మాయిలకు ఈ కవచం పని చేయలేదు. పత్తి చేలల్లో కౌలుకు పనిచేసే కుటుంబాల అరుగుల మీద ఆదివారపు గౌనుతో కూర్చుంటే ఎదుటివాళ్లు ముడుచుకుపోయేవారు. పైగా జైల్లో వారాల తరబడి ఉండాల్సి వస్తే ఆ గౌను నిలవదు, తిన్నగా చేయించిన జుట్టూ నిలవదు. అందుకని వాళ్లు కూలీలు వేసుకునే డెనిమ్ ఓవరాల్స్ తొడుక్కున్నారు, జుట్టును పుట్టినది పుట్టినట్టే వదిలేశారు. చదువుకున్న ఆడపిల్ల కూలీ బట్టల్లో తిరగడమేమిటని సొంత ఇళ్లలోనే గొడవలయ్యాయి. రాజకీయ దుస్తు బయటివాళ్లను మాత్రమే కాక ఇంట్లోవాళ్లనూ ఇబ్బంది పెడుతుందన్నది నేను గమనించిన సంగతి.

ఇక ఆఫ్రో విషయం. 1962 జనవరిలో న్యూయార్క్‌లోని నల్లజాతి పేట హార్లెమ్‌లో ఫొటోగ్రాఫర్ క్వామే బ్రాత్‌వైట్ బృందం నిర్వహించిన ప్రదర్శనలో, జుట్టు తిన్నగా చేయించుకోని నల్లజాతి యువతులు మోడళ్లుగా నిలబడి, నలుపు అందమైనదన్న మాటను వీధిలోకి తెచ్చారు. కానీ ఆ జుట్టును ప్రపంచమంతటికీ చూపించినది, విచిత్రంగా, అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ. 1970 ఆగస్టులో నల్లజాతి ఉద్యమకారిణి ఏంజెలా డేవిస్ కోసం అది వేసిన గాలింపు పోస్టరులో ఆమె ముఖానికి మించి గుండ్రటి జుట్టు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. అక్టోబరులో ఆమెను న్యూయార్క్‌లో పట్టుకున్నారు, 1972 జూన్‌లో న్యాయస్థానం నిర్దోషిగా విడిచిపెట్టింది. ఆమెను వెతికే పేరుతో, ఆఫ్రో పెంచుకున్న వందల మంది మామూలు స్త్రీలను పోలీసులు ఆపి వేధించారని ఆమె తర్వాత రాసుకున్నారు. అంటే ఆ జుట్టుకు ఒక ధర ఉండేది.

ఆ తర్వాత జరిగినదే మీ ప్రశ్నకు అసలు మూలం. 1994లో ఒక సంగీత పత్రిక, నటి ఒకరికి ఏంజెలా డేవిస్ వేషం వేసి, ఆమె అజ్ఞాతవాసాన్నీ అరెస్టునూ దుస్తుల ప్రకటనగా మార్చి అచ్చు వేసింది. అదే ఏడాది డేవిస్ ఒక వ్యాసంలో, విముక్తి రాజకీయం ఫ్యాషన్ రాజకీయంగా కుదించుకుపోయి, తాను కొత్త తరానికి ఒక కేశాలంకరణగా మాత్రమే గుర్తుండిపోతున్నందుకు కలిగిన అవమానభావాన్ని రాశారు. ఇక్కడ తప్పు జుట్టుది కాదు. ఫొటో ప్రయాణించింది, దాని కింద ఉండాల్సిన రాత ప్రయాణించలేదు. ఆ రాత రాసే అధికారం కూడా అప్పట్లో దర్యాప్తు సంస్థ చేతిలో, పత్రికల చేతిలో ఉండేది.

అంతర్జాలంలో నల్లజాతి స్త్రీలు చేసిన పని, నా అంచనాలో, ప్రధానంగా ఆ రాతను తమ చేతిలోకి తీసుకోవడం. 2014 ఆగస్టు 9న మిస్సోరీ రాష్ట్రంలోని ఫెర్గూసన్‌లో మైకేల్ బ్రౌన్ అనే 18 ఏళ్ల కుర్రవాణ్ని పోలీసు కాల్చి చంపాక, వార్తా సంస్థలు అతని ఫొటోల్లోంచి చూడగానే రౌడీ అనిపించేదాన్ని ఏరి చూపాయన్న ఆగ్రహం పుట్టింది. వెంటనే ట్విట్టర్‌లో ‘ఇఫ్ దే గన్డ్ మీ డౌన్’ అన్న హ్యాష్‌ట్యాగ్ వచ్చింది. నన్నే కాల్చేస్తే ఏ ఫొటో వేస్తారు అన్నది దాని సారాంశం. యువతీయువకులు తమవే రెండు ఫొటోలు పక్కపక్కన పెట్టారు. ఒకదానిలో పట్టభద్రుల నల్లగౌను, మరోదానిలో విందులో వేసుకున్న పొట్టి చొక్కా. ఒకదానిలో సైనిక యూనిఫాం, మరోదానిలో హుడీ. మనిషి అదే, ముఖం అదే, మారినది గుడ్డ మాత్రమే. దుస్తుల గురించి నేను తరగతిలో వారాల తరబడి చెప్పే పాఠాన్ని ఆ జంట ఫొటో ఒక్క చూపులో చెప్పేసింది, అందుకే ఆ రోజు నుంచి నా మొదటి పాఠం దానితోనే మొదలవుతోంది.

ఇంకో సంగతి గమనించండి. సామాజిక మాధ్యమంలో ఫొటో కింద ఎంత వివరంగా రాసినా, రెండు పంక్తులు దాటాక అది మడత కింద దాక్కుంటుంది. ఎవరైనా ఫొటోను దించుకుని తిరిగి పెడితే ఆ రాత పూర్తిగా ఊడిపోతుంది. అనుభవం ఉన్న ఉద్యమకారిణులు ఈ సాంకేతిక లోపాన్ని బాగా ఎరుగుదురు కాబట్టి, ఊడిపోని చోట రాస్తున్నారు, అంటే ఒంటి మీద. 2015 ఆగస్టులో సెయింట్ లూయిస్‌లో అరెస్టయిన ఉద్యమకారిణి రహీల్ తెస్ఫామరియం టీషర్టు ఛాతీ మీద, ఇది మీ అమ్మల కాలపు పౌరహక్కుల ఉద్యమం కాదని ఇంగ్లీషు వాడుకభాషలో అచ్చు వేసి ఉంది. చేతులు వెనక్కి కట్టి తీసుకెళుతున్న ఆ ఫొటోను ఎవరు ఎక్కడ పెట్టినా ఆ వాక్యం దానితోనే వెళ్లింది, దాన్ని కత్తిరిస్తే మనిషినే కత్తిరించాలి. ఆదివారపు గౌను తరానికి అది చురకే, కొందరు పెద్దలు నొచ్చుకున్నారు కూడా. 2020 యు.ఎస్. ఓపెన్ టెన్నిస్‌లో నవోమీ ఒసాకా 7 మాస్కులతో చేసినదీ ఇదే పద్ధతి. కెంటకీలో తన ఇంట్లోనే పోలీసు తూటాలకు బలైన బ్రియానా టేలర్ పేరుతో మొదలుపెట్టి, ఒక్కో ఆటకు ఒక్కో మృతుని పేరుతో కోర్టులోకి వచ్చింది. 7 పేర్లూ చూపాలంటే ఫైనల్ దాకా గెలుస్తూ పోవాలి, ఆమె గెలిచింది.

అలాగని ప్రతి శక్తిమంతమైన ఫొటోలోనూ ముందే పన్నిన ఎత్తుగడ ఉంటుందని అనుకోవద్దు. 2016 జులై 9న లూసియానాలోని బేటన్ రూజ్‌లో, ఒక నిరసన సందర్భంగా రాయిటర్స్ ఫొటోగ్రాఫర్ జొనాథన్ బాక్‌మన్ తీసిన చిత్రంలో, ఐయీషా ఎవన్స్ అనే నర్సు నడిరోడ్డు మీద నిటారుగా నిలబడి ఉంది. గాలికి కదులుతున్న పల్చటి పొడవాటి గౌను, ఒంటి మీద ఏ కవచమూ లేదు. ఎదురుగా నిలువెల్లా కవచాలు తొడిగిన ఇద్దరు పోలీసులు ఆమె వైపు దూసుకొస్తూ, అంతలో వెనక్కి తూలుతున్నట్టు కనిపిస్తారు. ఆ గౌను మీద ఒక్క అక్షరం లేదు. పక్కనున్న కవచమే దానికి అర్థాన్నిచ్చింది. దుస్తును విడిగా చదవకూడదు, ఎదుట ఎవరేమి వేసుకుని నిలబడ్డారో దానితో కలిపి చదవాలి.

మీరు బహుశా పట్టించుకోని రంగం ఒకటుంది, అది ఉద్యోగం. తలకు అంటించి వరుసలుగా అల్లే సన్న జడలతో పనికి వచ్చిన ఒక విమానసంస్థ ఉద్యోగిని మీద 1981లో తీర్పు చెబుతూ న్యూయార్క్ ఫెడరల్ న్యాయస్థానం, జడలు చర్మం రంగులా పుట్టుకతో వచ్చినవి కావు కనుక వాటిని నిషేధించడం జాతి వివక్ష కిందకు రాదన్నది. ఆ జడలను ఒక శ్వేతజాతి నటి సినిమాలో వేసుకుని ప్రాచుర్యంలోకి తెచ్చిందన్న వాదన కూడా ఆ తీర్పులోకి ఎక్కింది, అదొక వింత. జడలు కట్టిన జుట్టు కత్తిరించుకోనందుకు అలబామాలో ఉద్యోగం పోగొట్టుకున్న మరో స్త్రీ కేసులో 2016లోనూ అప్పీలు న్యాయస్థానం దాదాపు ఇదే తర్కం వినిపించింది. న్యాయస్థానాల్లో మూసుకున్న తలుపును ఆన్‌లైన్ ప్రచారం చట్టసభల వైపు నుంచి నెట్టింది. పనిచోట, బడిలో జరిగిన అవమానాలను ఫొటోలతో సహా పెట్టిన వేల పోస్టుల ఒత్తిడి మధ్య, 2019 జులైలో కాలిఫోర్నియా మొదటిసారిగా క్రౌన్ చట్టం చేసి, జుట్టు తీరును బట్టి వివక్ష చూపడాన్ని నిషేధించింది. తర్వాత 20కి పైగా రాష్ట్రాలు ఆ దారిలో నడిచాయి. కేంద్రస్థాయి బిల్లు 2022 మార్చిలో ప్రతినిధుల సభలో నెగ్గి సెనేట్‌లో ఆగిపోయింది. ఈ ప్రచార కూటమిలో డవ్ సబ్బుల బ్రాండు కూడా ఉంది. దాని యజమాని యూనిలీవరే మన దేశంలో ఫెయిర్ అండ్ లవ్లీ అమ్మి, 2020లో పేరు మాత్రం మార్చింది. చట్టం మంచిదే, మద్దతిచ్చినవాళ్లందరినీ నెత్తిన పెట్టుకోనక్కరలేదు.

సహజమైన జుట్టు ఉంచుకుంటేనే ఉద్యమకారిణి, విగ్గు పెట్టుకుంటే లొంగిపోయినట్టు అన్న కొత్త చాదస్తం ఒకటి ఆన్‌లైన్‌లో తలెత్తుతుంటుంది. దానికి మీరు లొంగవద్దు. మీ ఊళ్లోనే ఏ బ్యూటీ సప్లై దుకాణానికైనా వెళ్లి, ఇండియన్ రెమీ అని రాసిన సవరాల పొట్లాలు చేత్తో పట్టుకుని చూడండి. తిరుమలలో మొక్కు తీర్చుకున్న భక్తుల తలనీలాలను దేవస్థానం వేలం వేస్తే, శుద్ధి చేసి విదేశాలకు పంపే జుట్టులో అదీ ఒక భాగం. మన పల్లెటూరి ఇల్లాలు దేవుడి ముందు అహంకారాన్ని వదులుకోవడానికి ఇచ్చిన జుట్టు, అక్కడ ఇంకో స్త్రీ ఆఫీసులో ఉద్యోగం నిలుపుకోవడానికి తలకెక్కుతుంది. ఈ రెండింటి మధ్య ఎవరిది స్వచ్ఛమైన ఎంపిక అని తీర్పు చెప్పడం నా వల్ల కాదు. మసాచుసెట్స్ నుంచి కాంగ్రెస్‌కు ఎన్నికైన అయానా ప్రెస్లీ సన్నని మెలిజడలు నల్లజాతి ఆడపిల్లలకు గుర్తింపు చిహ్నమయ్యాయి. అలొపేషియా అనే జబ్బు వల్ల జుట్టంతా రాలిపోయిందని 2020 జనవరిలో ఆమె ఒక వీడియోలో విగ్గు తీసి చూపించారు. జడల వల్ల వచ్చిన అభిమానం జడలతోపాటు పోతుందేమో, ఆ పిల్లలకు ద్రోహం చేసినట్టవుతుందేమో అన్న బెంగ ఆ మాటల్లో వినిపిస్తుంది. ఆ వీడియో చూసేదాకా, చిహ్నంగా మారిన మనిషి మోసే బరువు నాకూ తట్టలేదు.

వ్యాపారం గురించి క్లుప్తంగా చెబుతాను, ఎందుకంటే అక్కడ మీ అనుమానం నిజమే. 2020 వేసవిలో బ్రియానా టేలర్ పేరు ఎందరో చొక్కాల మీద, సంచుల మీద అచ్చు వేసి అమ్ముకున్నారు. పేరు వేలాడుతుండగానే న్యాయం మాట జారిపోయిందని నల్లజాతి రచయిత్రులే ముందుగా ఆక్షేపించారు. ఆ ఏడాది జూన్ 8న డెమోక్రాటిక్ నాయకులు ఘానా దేశపు కెంటే గుడ్డ మెడలో వేసుకుని మోకాళ్ల మీద నిలిచినప్పుడు, ఆఫ్రికా నుంచీ అమెరికా నుంచీ ఎందరో విసుక్కున్నారు, చట్టం చేయగల చేతులు గుడ్డ కప్పుకుని ఊరుకుంటే ఎట్లా అని. దీనికి భిన్నంగా డిజైనర్ అరోరా జేమ్స్ అదే వేసవిలో ఒక ఇన్‌స్టాగ్రామ్ పోస్టుతో పెద్ద దుకాణాలను నిలదీసింది. జనాభాలో సుమారు 15 శాతమున్న నల్లజాతి వారి సరుకుకు మీ అరల్లో 15 శాతం చోటివ్వండి అన్నది ఆమె డిమాండు. ఫొటోలో ఏ వేషమూ లేదు, అయినా ఫ్యాషన్ రంగంలో ఆ ఏడాది వచ్చిన గట్టి రాజకీయ ప్రకటనల్లో దాన్ని ముందువరసలో పెడతాను.

కాబట్టి ఏ పోస్టు చూసినా, ఆ కట్టు వల్ల ఆమెకు పోయేదేమైనా ఉందా, ఉద్యోగమో, బడిలో చోటో, ఇంట్లో మాటో అని చూడండి. ఆ రాత ఎవరు రాశారో, అమ్మితే డబ్బు ఎవరికి చేరుతోందో కూడా ఆరా తీయండి. ఇవేవీ లేకుండా కేవలం అందంగా ఉంటే, అది అందమైన ఫొటో; అందులోనూ తప్పేమీ లేదు, కానీ మీ పరిశోధనా పత్రంలోకి ఎక్కించకండి.

రెండో ప్రశ్నకు వస్తే, తలగుడ్డ కట్టుకోవడానికి మీకు ఎవరి అనుమతీ అక్కరలేదు, మన తాతలు నేసిన గళ్ల గుడ్డే అది. అయితే అదే కట్టుతో ఆఫీసుకు వెళ్లిన నల్లజాతి స్నేహితురాలిని పై అధికారి పిలిచి మందలిస్తే, మిమ్మల్ని మాత్రం ముచ్చటగా ఉందని మెచ్చుకుంటే, ఆ మెచ్చుకోలును అక్కడే ఆపి తేడా ఎత్తిచూపగలరా అన్నది ముందుగా తేల్చుకోండి. టీషర్టు అయితే, మృతుల పేర్లున్నది కొనేముందు ఆ కుటుంబానికో, వాళ్ల కేసు నడిపే సంస్థకో వాటా వెళుతోందో లేదో అమ్మేవాళ్లనే అడగండి. సూటిగా చెప్పకపోతే, ఆ డబ్బు నేరుగా వాళ్లకే పంపి, మీ పాత చొక్కాతోనే ఊరేగింపుకు వెళ్లండి.